సంచికో కూపను

మా వదిన ఇంట్లో చొక్కా విప్పి కుర్చీ మీద వేస్తే, స్నానం చేసి వచ్చేసరికి అది అక్కడే ఉంటుందన్న నమ్మకం లేదు. మాల్‌లోని ఓ బట్టల దుకాణంలో పాతబట్టల పెట్టె వెలిసినప్పటి నుంచీ ఇదే వరస. పాతవి సంచిలో తెచ్చి వేస్తే కొత్తవాటి మీద 15 శాతం తగ్గింపు కూపను. చిరిగినా తీసుకుంటారట. ఇంకేం కావాలి?

ఒకప్పుడు ఈ మనిషే స్టీలు సామాన్లామెను గుమ్మంలో కూర్చోబెట్టి, రెండు ప్యాంట్లకీ ఒక చీరకీ గిన్నె ఇస్తానంటే మూత కూడా ఇమ్మని గంటన్నర బేరమాడింది. ఆ విద్య ఎక్కడికి పోతుంది? కౌంటరు కుర్రాడు "సంచికి ఒక్కటే కూపను మేడమ్" అన్నాడు. వదిన పక్కకెళ్లి ఒక సంచిని మూడు చేసింది. "మనిషికి రోజుకి రెండే" అన్నాడు. మర్నాడు అన్నయ్య, పిల్లలు, పండక్కొచ్చిన నేను, తలా ఒక సంచితో రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాం.

"ఇదంతా కూపను కోసమనుకుంటున్నావా? భూమి కోసం" అంటుంది. హెచ్‌అండ్‌ఎం 2013లోనే ప్రపంచమంతా మొదలెట్టిందనీ, మన దుకాణాలు ఆలస్యంగా కళ్లు తెరిచాయనీ చెబుతుంది. బాగున్నవి మళ్లీ కట్టుకోడానికీ, బాగులేనివి తుడుపుగుడ్డలకీ, ఎందుకూ పనికిరానివి పీచుకీ వెళ్తాయని వేళ్లు మడిచి మరీ లెక్క చెబుతుంది.

నేనూ ఊరుకోను. బట్టల తయారీకి వాడే సరుకులో ఒక్క శాతం కూడా మళ్లీ కొత్త బట్ట కావడం లేదని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో లెక్క తేల్చింది. చీల్చితే నూలు పోగు పొట్టిదైపోతుంది, పాలిస్టరు కలిస్తే విడదీయడం కష్టం. పానిపట్టులో పాత ఉన్నిబట్టల్ని రంగులవారీగా ఏరి, గుండీలూ జిప్పులూ కోసేసి, చీల్చి, మళ్లీ వడికి దుప్పట్లు నేస్తారు.

"చూశావా, దుప్పటైనా అయింది! నీ బీరువాలో ఉంటే ఏమయ్యేది?" అంది వదిన. నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ చెప్పని లెక్క ఒకటుంది. కూపను చెల్లాలంటే మూడు వేలకి కొనాలి, అదీ నెలాఖరులోగా. కూపను మురిగిపోతే వదినకి అన్నం సయించదు. అందుకని మూడు పోతాయి, నాలుగొస్తాయి. బీరువా తలుపు ఇప్పటికీ మూతపడదు. మా అమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. బొంతకి కూపను రాదు కనక కొత్త చీరా వచ్చేది కాదు.

మొన్న నా మొదటి జీతం గళ్ల చొక్కా పెట్టెలో పడింది. రెండు పూటలు అలిగాను. వదిన జాలిపడి, "నీ చొక్కాది నీకే అబ్బాయ్" అంటూ కూపను చేతిలో పెట్టింది. చించేద్దామనే అనుకున్నాను. సాయంత్రం ఊరికే చూసొద్దామని వెళ్లాను. బిల్లు రెండు వేల నాలుగు వందలకి తేలింది. మిగతా ఆరువందలకీ వెతికి వెతికి ఒక గళ్ల చొక్కా తీశాను. అచ్చం పాతదే.

ఇంటికొచ్చాక దాన్ని కుర్చీ మీద మాత్రం వేయలేదు.