పాతిక డాలర్ల పావలా

డాలస్‌లో మా తమ్ముడి పక్కింటాయన ఏటా అక్టోబరులో వేటకు బయలుదేరతాడు. అది చూడటానికి సందు సందంతా గరాజుల ముందుకొస్తుందట. ముందు పికప్ ట్రక్కు, దాని వెనక ట్రైలరు, ట్రైలరు మీద పాతిక వేల డాలర్ల సైడ్-బై-సైడ్ బండి. మన ఆటోకు ట్రాక్టరు చక్రాలు తగిలించి, జీపు ఇంజను బిగించి, పెళ్లికి ముస్తాబు చేస్తే ఎలా ఉంటుందో అది అలా ఉంటుందని తమ్ముడి వర్ణన. దాన్ని ఎనిమిది వందల మైళ్లు లాక్కెళ్లి కొలరాడో కొండల్లో దించుతాడు. ఎందుకయ్యా అంటే, ఎల్క్‌ను కొట్టడానికి. ఎల్క్ అంటే మన కణుజుకు పెద్దన్న. బలిసిన మగది 300 కిలోలు తూగుతుంది.

ఈసారి ఆయన నిప్పులు కక్కుతూ తిరిగొచ్చాడు. ఎల్క్ దొరకనందుకు కాదు. అది దొరకదని ఇంట్లో వాళ్లకు ముందే తెలుసు, ఫ్రీజరులో ఆ మేరకు చికెన్ నింపే ఉంచుతారు. కోపమంతా ఒక స్టిక్కరు మీద. కొండదారిలో ఓ అధికారి ఆపి బండి చుట్టూ ప్రదక్షిణ చేశాడట. టెక్సస్ స్టిక్కరుంది, కొలరాడోది లేదు. జరిమానా కాగితం చేతిలో పెట్టి, హ్యాపీ హంటింగ్ అని దీవించి పోయాడట. అప్పటినుంచీ కంచె మీద చేతులాన్చి మా తమ్ముడికి రోజూ ఒకటే పాఠం: ‘నా దేశంలో, నా అడవిలో, నా బండి నడుపుకోవడానికి నేను ఇంకొకడికి డబ్బు కట్టాలా?’

ఎంతయ్యా ఆ స్టిక్కరు అంటే, పాతిక డాలర్ల పావలా. అక్షరాలా అంతే, 25.25. స్థానికుడికీ అంతే, పొరుగువాడికీ అంతే. ఆ పావలా ఎందుకంటే, దారి తప్పినవాళ్లనూ లోయలో పడ్డవాళ్లనూ వెతికి తెచ్చే దళాల నిధికి. అంటే ఈయన రేపు ఏ బండరాయి కిందో ఇరుక్కుంటే, తాళ్లూ స్ట్రెచర్లూ పట్టుకుని వచ్చేవాళ్ల కాఫీ ఖర్చుల్లో ఈయన వాటా పావలా. మిగతా పాతికా ఆయన బండి గుంతలు పెట్టిన దారుల్నే పూడ్చడానికి పోతుంది.

ఇప్పుడు అసలు బిల్లు చూడండి. బండి పాతిక వేలు. దాన్ని లాగే పికప్ దానికి రెట్టింపు. పొరుగు రాష్ట్రంవాడికి కొలరాడోలో ఎల్క్ లైసెన్సు 700 డాలర్ల పైమాటే, అక్కడివాడికైతే అందులో పదో వంతు కూడా ఉండదు. ఆ పదింతల తేడా మీద మా తమ్ముడి పక్కింటాయన కిమ్మనడు. తుపాకీ, దూరదర్శిని, చెట్టుబెరడు బొమ్మలేసిన లాగూ చొక్కా, ఎల్క్ ఆడగొంతు అనుకరించే పీక... వీటి మీదా ఒక్క మాటుండదు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పోట్లాడటమంటే ఏమిటో మా తాతయ్య చెబితే చిన్నప్పుడు నవ్వాను గానీ, దానికి నాలుగు చక్రాలుంటాయని అప్పుడు తెలియదు.

ఆయన వాదంలో కాస్త పస లేకపోలేదు, అదీ చెప్పాలి. ఆ అడవులు చాలావరకు ఫెడరల్ ప్రభుత్వానివి. కొలరాడోలో అడవులశాఖవీ, భూయాజమాన్య శాఖవీ కలిపి 2 కోట్ల ఎకరాలకు పైగా ఉన్నాయి. టెక్సస్‌వాడికీ అందులో వాటా ఉన్నట్టే. కానీ ఆ నేల మీద తిరిగే జంతువు రాష్ట్రానిది. ఏ దారిలో బండి వెళ్లొచ్చో గీసిన పటం కేంద్రానిది. ఆ బండికి స్టిక్కరు మళ్లీ రాష్ట్రానిది. మోకాలికీ బోడిగుండుకూ ముడివేసినట్టున్న ఈ ఏర్పాటులో పూర్తిగా మీది అనదగ్గది ఒక్క జరిమానాయే.

‘మా టెక్సస్‌లో ఈ గోల లేదు’ అంటాడాయన. ఎందుకుంటుంది? ఆ రాష్ట్రంలో నూటికి 95 పాళ్లు ప్రైవేటు నేల. అక్కడ వేటాడాలంటే ఎవరో ఒక ఆసామికి సీజనుకు వేలకు వేలు పోసి లీజు తీసుకోవాలి. ఆ కంచె లోపల స్టిక్కరు అడిగేవాడుండడు. అడవి ఉంటే కదా అడవికి రూలుండేది! ఉన్న కొద్దిపాటి ప్రజల నేల మీద తిప్పడానికి మాత్రం వాళ్లూ 16 డాలర్ల స్టిక్కరు అమ్ముతారు. అది సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31తో సరి. కొలరాడోవాడిది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31, అచ్చం మన ఆడిటర్ల సంవత్సరం. మూడు రాష్ట్రాల్లో వేటాడేవాడికి ఉగాది ఎప్పుడో గుర్తుండకపోయినా స్టిక్కర్ల సంవత్సరాదులు గుర్తుండి తీరాలి.

మనకిదేమీ కొత్త కాదు. హైదరాబాదులో జీవితకాలానికని పన్ను కట్టిన కారును బెంగళూరు తీసుకెళితే, ఏడాది తిరిగేసరికి అక్కడ ఇంకో జీవితకాలం మొదలవుతుంది. ఒక కారుకు ఎన్ని జన్మలుంటాయో చిత్రగుప్తుడికంటే రవాణాశాఖకే బాగా తెలుసు. అయితే మనం దాని గురించి స్వాతంత్ర్య సమరం స్థాయిలో మాట్లాడం. ఎవర్ని పట్టుకుంటే పని జరుగుతుందా అని మాత్రమే ఆలోచిస్తాం.

ఆయనకున్న బ్రహ్మాస్త్రం తాతగారు. ‘మా తాత ఇవే కొండల్లో ఏ కాగితమూ లేకుండా వేటాడాడు’ అని. నిజమే అయ్యుంటుంది. కాకపోతే తాత నడిచాడు, మనవడు నడిపాడు. తేడా ఒక్క అక్షరమే, కానీ అందులో వెయ్యి సీసీల ఇంజనుంది.

పొరుగు రాష్ట్రపు స్టిక్కరు కొన్నంత మాత్రాన కథ అయిపోదు. ఆయన ఆవేశం చల్లార్చడానికి మా తమ్ముడు ఇంకొన్ని రాష్ట్రాల రూల్స్ తిరగేశాడట, అక్కడ నయమేమో చూద్దామని. నాకు ఫోన్‌లో చదివి వినిపించాడు. నేను ముప్ఫయ్యేళ్లుగా ప్రభుత్వ జీవోలు చదువుతున్న మనిషిని. అయినా కుర్చీ సర్దుకుని కూచున్నాను.

ఐడహోలో కొన్ని వేట ప్రాంతాలకు ఓ నిబంధన ఉంది. వేటగాడు తన బండిని ‘పూర్తిస్థాయి ఆటోమొబైల్’ వెళ్లగల దారిలోనే నడపాలి. పూర్తిస్థాయి అంటే? మొత్తం బరువు 1,500 పౌన్లు దాటినది. దారి అంటే? అటువంటి బండ్లు పదేపదే తిరిగిన ఆనవాలుండాలి. మట్టిబాటే అయితే చక్రాల చాళ్లు లోతుపడి ఉండాలి, ఆ చాళ్లలో గడ్డి అసలు లేకుండానో, ఏదో కొద్దిగానో ఉండాలి. ఇది రాసిన మహానుభావుడెవరోగానీ, మా ఊళ్లో ఎడ్లబండి పుంతను చూడకుండా రాసి ఉండడు. తుపాకీ భుజానేసుకుని, మోకాళ్ల మీద వంగి, చాళ్లలో పరకలు లెక్కపెట్టే వేటగాణ్ణి ఊహించుకోండి. ఎల్క్ అటుగా వచ్చినా, పాపం ఏదో పోగొట్టుకున్నాడనుకుని పక్కకు తప్పుకుంటుంది.

అందులో ఇంకా పెద్ద తమాషా, ఆ కట్టడి వేటగాడికే. అదే సన్నదారిలో అదే బండి మీద ఒకడు గాలం పట్టుకుని చేపలకు పోవచ్చు, అడవిశాఖ పటం ఒప్పుకుంటే చాలు. వేటకని బయలుదేరినవాడు పోకూడదు. పడిన జంతువును తెచ్చుకోవడానికీ, గుడారం సామాను మోసుకోవడానికీ మాత్రం, నేల తాలూకువాళ్లు సరేనంటే, పోవచ్చు. అంటే బండి తప్పు చేయదు, దారి తప్పు చేయదు. తప్పంతా మీరు మనసులో ఏమనుకుంటూ వెళుతున్నారో అందులో ఉంది. మన శాస్త్రాల్లో దీన్ని సంకల్పం అంటారు. పురోహితుడు లేకుండా అమెరికావాళ్లు దీన్ని ఎలా నడుపుతున్నారో!

మిషిగన్‌లో గొడవ ముహూర్తాలతో. నవంబరు 15 నుంచి 30 దాకా, తుపాకీతో జింకల వేట సాగే రోజుల్లో, జనం వేటాడే నేల మీద ఉదయం 7 నుంచి 11, మధ్యాహ్నం 2 నుంచి 5 బండి కదపకూడదు. మిన్నెసోటాలో జింకల వేటగాళ్లకు పగటిపూట బండి నడపడానికి మిగిలింది 11 నుంచి 2. రెండు రాష్ట్రాలూ కూడబలుక్కున్నాయో లేదో గానీ, రాహుకాలం లెక్క కచ్చితంగా కుదిరింది. మధ్యాహ్నం భోజనం వేళ ఇంజన్లు మోగుతాయి, జింకలు నిద్రలేస్తాయి.

వెడల్పు పంచాయితీ ఒకటుంది. అడవుల్లో చాలా దారులు 50 అంగుళాలకు మించని బండ్లకే. కంపెనీలేమో 60, 64 అంగుళాలవి చేసి అమ్ముతున్నాయి. షోరూములో ఎవరూ టేపు పట్టి కొలవరు, కొలిచేది కొండమీద. దారి తెరిచుందో లేదో చెప్పేది అడవులశాఖవారి నలుపు తెలుపు పటం. చుక్కల గీత, అడ్డగీతల గీత, వాటి పక్కన చీమతలకాయంత అంకెలు. దారి దగ్గర బోర్డు లేకపోయినా, ఎవడో పీకేసినా, పటంలో లేని దారిలో బండి ఉంటే తప్పు మీదే.

ఇక తుపాకీ. కొలరాడోలో ఇలాంటి బండి మీద తుపాకీ తీసుకెళ్లాలంటే ఛాంబరులోనూ గుండు ఉండకూడదు, మ్యాగజీన్‌లోనూ ఉండకూడదు, పైగా మూసిన సంచిలో ఉండాలి. విల్లుబాణాలకైనా ఇదే వరస. ఇది మంచి రూలే, గుంతల్లో ఎగిరే బండి మీద నిండిన తుపాకీ ఎవరి మోకాలు వెతుక్కుంటుందో తెలియదు. కానీ దృశ్యం చూడండి. మలుపు తిరగ్గానే ఎదురుగా ఎల్క్. మనవాడు బండి ఆపాలి, దిగాలి, దారి వదిలి పక్కకు జరగాలి, సంచి జిప్పు లాగాలి, అది మధ్యలో ఇరుక్కోవాలి, గుళ్లు జేబులో వెతకాలి, జేబు తప్పు జేబు కావాలి. ఇంత సేపూ ఎల్క్ నిలబడి ఉంటే, అది వేట కాదు, ఫోటో స్టూడియో.

నిలబడదని పరీక్ష పెట్టి మరీ తేల్చారు. ఒరెగాన్‌లో స్టార్కీ అనే ప్రయోగ అరణ్యం ఉంది, 25,000 ఎకరాల చుట్టూ కంచె వేసి, ఎల్క్‌ల మెడకు పట్టీలు కట్టి గమనిస్తుంటారు. కాలినడకన ఒకసారి, గుర్రం మీద ఒకసారి, సైకిలు మీద ఒకసారి, నాలుగు చక్రాల మోటారు బండి ఏటీవీ మీద ఒకసారి మనుషుల్ని పంపి చూశారు. ఎల్క్‌లు అన్నిటికంటే ఎక్కువగా బెదిరి జరిగింది ఏటీవీకి. పాతిక వేల బండి, పాతిక డాలర్ల స్టిక్కరు, ఏడువందల పైచిలుకు లైసెన్సు, అన్నీ కలిపి మనవాడు కొనుక్కున్నది ఎల్క్‌ను పక్కకొండకు తోలే హక్కు. పక్కకొండ మీద ఎవడో నడిచి వచ్చినవాడు చెట్టు కింద కూచుని దానికోసమే ఎదురుచూస్తుంటాడు. ఈయనకు కృతజ్ఞతలైనా చెప్పడు.

అడవిలో మోటారు బండ్లకు కళ్లెం వేయమని అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వు ఇచ్చింది 1972 ఫిబ్రవరిలో. అదే ఏడు సెప్టెంబరులో మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అక్కడ వేటగాడి బండిని ఆపారు, ఇక్కడ వేటగాణ్ణే ఆపారు. మన దగ్గర ఆ తర్వాత రాజులూ జమీందార్లూ గోడమీది పులితలలు చూసుకుని తృప్తిపడ్డారు. అక్కడ యాభై ఏళ్లుగా చుక్కల గీతలు లెక్కపెడుతున్నారు.

మా తమ్ముడు పాపం మంచివాడు, సాఫ్ట్‌వేరువాడు, సమస్య ఉంటే పరిష్కారం ఉండాలనుకుంటాడు. ‘బండి వదిలేసి నడవండి. కాళ్లకు ఏ రాష్ట్రమూ స్టిక్కరు అడగదు’ అని పక్కింటాయనకు సలహా చెప్పాడు. ఆయనకది నచ్చింది. మోటారు చప్పుడే వినపడని చోటు కావాలన్నాడు. వయోమింగ్‌లో అలాంటి కాపుదల అడవి, ఫెడరల్ విల్డర్‌నెస్, 30 లక్షల ఎకరాలు. విల్డర్‌నెస్ కోసం చేసిన 1964 చట్టం పుణ్యమా అని అందులో మోటారు బండే కాదు, సైకిలు కూడా పోకూడదు. ఇక స్టిక్కరు ఊసే లేదు. ఇద్దరూ కంచెకు అటూ ఇటూ నిలబడి బీరు గ్లాసులు తాకించారట.

తర్వాత వయోమింగ్ రూల్స్ తెరిచారు.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. వయోమింగ్‌లో పొరుగు రాష్ట్రంవాడు ఆ విల్డర్‌నెస్‌లోకి తోచినట్టు నడిచి వెళ్లొచ్చు. గుడారం వేసుకోవచ్చు. చేపలు పట్టొచ్చు. ఎల్క్‌కు ఫోటో తీయొచ్చు. తుపాకీ పట్టుకుని కుందేలును కొట్టొచ్చు. అదే తుపాకీతో, అదే చెట్టు కింద, అదే మనిషి ఎల్క్‌ను కొట్టాలంటే మాత్రం పక్కన లైసెన్సున్న గైడు ఉండాలి. లేదా ఆ రాష్ట్రంలో కాపురముంటున్న తెలిసినవాడు, అందుకోసం ఉచితంగా ఇచ్చే అనుమతి కాగితం తీసుకుని, వెంట రావాలి. కుందేలు వెనక పోతే దారి తప్పని మనిషి ఎల్క్ వెనక పోతే తప్పిపోతాడన్నమాట. అక్కడివాడైతే, పుట్టి బుద్ధెరిగాక ఆ కొండ ముఖం చూడనివాడైనా సరే, ఒంటరిగా పోవచ్చు. దారి తెలియడం కరెంటు బిల్లు మీది చిరునామాతో వస్తుంది. ఇదంతా బయటివాళ్ల క్షేమం కోసమట. గైడుకు ఇచ్చే వేల డాలర్లతో పోలిస్తే కొలరాడోవాడి పావలా క్షేమం మహాప్రసాదం.

నిన్న రాత్రి తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. పక్కింటాయన కొలరాడో జరిమానా కట్టేశాడట, గొణుక్కోకుండా. పైగా ఇంటికి రెండు ప్లేట్లు బార్బెక్యూ పంపాడట. నాకు అనుమానం వచ్చింది.

‘అన్నయ్యా, మీ కాలేజీ వాట్సాప్ గ్రూపులో మనవాళ్లు లేని ఊరు లేదంటావుగా’ అన్నాడు తమ్ముడు. ‘వయోమింగ్‌లో ఎవరైనా ఉన్నారేమో కాస్త కనుక్కోవా? తుపాకీ పట్టడం రాకపోయినా ఫర్వాలేదు. కరెంటు బిల్లుంటే చాలు.’