పాయింట్ టూ పంచాయితీ

ప్రాసెసర్ అంటే ఏమిటో తెలియని రోజుల్లో మా ఇంట్లో అందరం హాయిగా ఉన్నాం. కంప్యూటర్ అంటే బొమ్మ కనబడే డబ్బా ఒకటి, దాని పక్కన బుస్సుమనే డబ్బా ఇంకొకటి, అంతే. ఆ బుస్సుమనేది కాస్తా వ్యాసం మధ్యలో నీలం తెర చూపించి శాశ్వతంగా కన్నుమూసేసరికి కొత్తది కొనక తప్పలేదు. డబ్బు తక్కువ కాబట్టి గొడవా తక్కువే ఉంటుందనుకుంటున్నారేమో. అక్కడే ఉంది తిరకాసు. లక్షలు పోసేవాడికి ఏ చిక్కూ లేదు, కొట్లో అన్నిటికన్నా ఖరీదైంది చూపించమంటాడు, తీసుకుపోతాడు. అడుగు వరసలో పక్కపక్కనే ఉన్న రెంటిలో ఏది అన్న ధర్మసందేహం మనలాంటి వాళ్ళకే.

ఆ రెండూ ఇంటెల్ వాళ్ళవే. ఒకటి కోర్ ఐ3-12100, రెండోది కోర్ ఐ3-13100. మొదటిది 2022 జనవరిలో వచ్చింది, రెండోది 2023 జనవరిలో. పన్నెండో తరం, పదమూడో తరం అంటారు. తరం అన్న మాట చెవిన పడగానే మా బావమరిదికి పూనకం వచ్చింది.

"తరం మారింది బావా! రేపు పొద్దున పాత తరం కంప్యూటర్ అని నలుగురూ అంటే ఏం బాగుంటుంది?"

మా ఇంటికొచ్చే నలుగురిలో ముగ్గురికి కంప్యూటర్ ఆన్ చేయడం రాదు. నాలుగోవాడు ఆయనే.

ఇంతకీ మారిన తరంలో మారిందేమిటా అని వివరాలు పక్కపక్కన రాసుకుని చూశాను. దీనికి కోర్లు 4, దానికీ 4. దీనికి థ్రెడ్లు 8, దానికీ 8. క్యాష్ రెంటికీ 12 ఎంబీ. మామూలుగా 60 వాట్లు, ఒళ్ళు వంచి పనిచేస్తే 89 వాట్లు, ఇందులోనూ తేడా లేదు. మదర్‌బోర్డు మీద కూర్చునే పీట కూడా ఒకటే, ఎల్‌జీఏ 1700. బొమ్మ చూపించే గ్రాఫిక్స్ రెంటిలోనూ యూహెచ్‌డీ 730. ఇక తేడా అంతా వేగంలోనే. బేస్ స్పీడ్ 3.3 గిగాహెర్ట్జ్ ఉన్నది 3.4 అయింది, టర్బో 4.3 ఉన్నది 4.5 అయింది. లోపలి సిలికాన్ ముక్క సైతం పన్నెండో తరం కోసం గీసిన డిజైనే. ఒకే మనిషికి రెండు ఆధార్ కార్డులన్నమాట, రెండో దాంట్లో ఫోటో కొంచెం తేటగా పడింది.

ఇది చాలదన్నట్టు 2024 జనవరిలో ఐ3-14100 కూడా దించారు. అదే 4 కోర్లు, అదే 12 ఎంబీ, టర్బో మాత్రం 4.7. ఏడాదికో పాయింట్ టూ చొప్పున తరాలు పుట్టించారు. మనం మూడు తరాలు చూడాలంటే మునిమనవడి దాకా ఆగాలి, వీళ్ళకి రెండేళ్ళు చాలింది.

ఈ పాయింట్ టూ ఎంతో మా మేనల్లుడిని అడిగాను. వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. యూట్యూబ్‌లో ఒక వీడియో పెట్టి చూపించాడు. అందులో 12100 గీత నా చూపుడు వేలంత, 13100 గీత మూరెడు. నాకు గుండె ఆగినంత పనైంది. తర్వాత కింద అంకెలు చదివితే ఆ గ్రాఫు సున్నా దగ్గర మొదలవ్వలేదు, 90 దగ్గర మొదలైంది.

"మామయ్యా, అలా వేయకపోతే తేడా కనబడదు కదా!" అన్నాడు వాడు, ఏ మాత్రం నవ్వకుండా.

సరే, కాగితం మీదే లెక్క వేద్దాం. 12100కి సరిగ్గా నిమిషం పట్టే పని ఉందనుకోండి. అన్నీ అనుకూలించి రెండూ చివరిదాకా పూర్తి టర్బోలో పరిగెత్తితే, 13100 ఆ పనిని 57 సెకన్ల పైచిలుకులో ముగిస్తుంది. మిగిలింది మూడు సెకన్లు కూడా కాదు. ఆ వ్యవధిలో మా బావమరిది 'అదీ' అనగలడు, వాక్యం పూర్తి చెయ్యలేడు.

అదైనా నిమిషం పట్టే పని ఉంటే కదా! ఈ యంత్రం మీద నేను చేసేది తెలుగు టైపింగ్, మా అమ్మాయి చేసేది బీకాం పాఠాల ట్యాలీ. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య నా వేలు సెకనులో అయిదో వంతు తీసుకుంటుందనుకుందాం (నన్ను నేను పొగుడుకుంటున్నాను). ఆ కాస్త సందులో 4.3 గిగాహెర్ట్జ్ చిప్పు 86 కోట్ల సార్లు కొట్టుకుంటుంది, 4.5ది 90 కోట్ల సార్లు. అన్ని కోట్ల సార్లూ అది అడిగేది ఒకటే, తర్వాతి అక్షరం ఏది సార్ అని. నిజానికి అంత అవస్థ కూడా పడదు. పని లేదని తెలియగానే ఈ చిప్పులు వేగం తగ్గించుకుని కునుకు తీస్తాయి. అంటే మేము రోజుల తరబడి తగువులాడింది ఏది త్వరగా నిద్రలేస్తుందని.

మా ఆవిడ ఇదంతా విని ఒక్కటే ప్రశ్న వేసింది. "స్పీడు ఎక్కువైతే మీ వ్యాసాలు తొందరగా వస్తాయా?" ఇంతవరకు ఏ బెంచ్‌మార్కూ నన్ను అంత సూటిగా కొలవలేదు.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళితే, అదే, అందరూ సీటీసీ అంటారే, అక్కడి కొట్టబ్బాయి నన్ను పైనుంచి కిందికి చూసి, "కొత్తది ఉండంగ పాతది ఎందుకు సార్?" అన్నాడు. తేడా ఏమిటని అడిగాను. "జనరేషన్ సార్," అన్నాడు. అదేమిటన్నాను. "లేటెస్ట్ సార్." ఇంకా లోతుకు పోతే "డిమాండ్ సార్" దాకా వెళ్ళేవాడు. ఆ పక్కనే మదర్‌బోర్డు బిగిస్తున్న మెకానిక్కు మాత్రం తల ఎత్తకుండా పనికొచ్చే ముక్క చెప్పాడు. హెచ్610 బోర్డు పాత స్టాకైతే 13100 పెట్టాలంటే ముందు బయాస్ అప్‌డేట్ చెయ్యాలి, 12100 అయితే ఆ బాధ లేదు. మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన అసలైన తేడా ఇదొక్కటే, అదీ పాత తరానికే అనుకూలం.

అసలు భయపడాల్సింది అంకెలకి కాదు, అంకెల చివర నక్కి ఉండే 'ఎఫ్' అక్షరానికి. 12100ఎఫ్, 13100ఎఫ్ అని వీటికి చవక రకాలున్నాయి. వాటిలో గ్రాఫిక్స్ పనిచెయ్యవు, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందే. మా పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు కాస్త కలిసొస్తుందని ఎఫ్ తెప్పించారు. కేబినెట్‌కి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, స్విచ్ నొక్కారు. ఫ్యాన్ తిరిగింది, లైట్లు వెలిగాయి, తెర మీద మాత్రం 'నో సిగ్నల్' అని వచ్చింది. కేబుల్ మార్చారు. మానిటర్ మార్చారు. టేబుల్ని ఈశాన్యానికి జరిపారు. కంప్యూటర్ లోపల నిక్షేపంగా నడుస్తూనే ఉంది పాపం, చూపించుకునే మార్గమే లేదు. చివరికి కొన్న గ్రాఫిక్స్ కార్డు, ఆయన మిగుల్చుకున్న డబ్బుని అసలూ వడ్డీతో సహా మింగింది.

ర్యామ్ సంగతి మా పంచాయితీలో ఎవరూ ఎత్తనే లేదు. ఈ చిప్పుల్లోని గ్రాఫిక్స్‌కి సొంత జ్ఞాపకశక్తి లేదు, ర్యామ్‌లోంచే వాడుకుంటాయి. 8 జీబీ స్టిక్కు ఒకటే గుచ్చితే ఒక దారిలోనే రాకపోకలు, రెండు గుచ్చితే రెండు దారులు. ఆటల్లో, బొమ్మల పనిలో ఆ రెండో స్టిక్కు తెచ్చే తేడా ముందు మన పాయింట్ టూ ఎక్కడికీ ఆనదు. హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ పెడితే వచ్చే మార్పు సంగతి చెప్పనే అక్కర్లేదు, దాన్ని కనిపెట్టడానికి గ్రాఫులు కూడా అవసరం లేదు.

కాబట్టి, ఈ రెంటి మధ్య కొట్టుమిట్టాడుతున్న పాఠకులారా, రెండూ ఒకే ధరకి దొరికితే 13100 తీసుకోండి. వెయ్యి, రెండు వేలు తేడా ఉంటే 12100 తీసుకుని, ఆ డబ్బు రెండో ర్యామ్ స్టిక్కు మీద పెట్టండి. గ్రాఫిక్స్ కార్డు కొనే ఉద్దేశం లేకపోతే బిల్లు కట్టేముందు డబ్బా మీద ఎఫ్ ఉందేమో కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసుకోండి. బావమరిదిని మాత్రం కొట్టుకి తీసుకెళ్ళకండి.