ఇల్లరికపు అల్లుడు

వంకాయలో పురుగు కనిపిస్తే మా ఆవిడ వంకాయను పారేస్తుంది, నేను పురుగును దాచుకుంటాను. మా కాపురంలో సగం గొడవలు అక్కడివే.

మొన్న ముసురులో మీర్ ఆలం చెరువు పక్క పిచ్చిమొక్కల్లో కొత్తదొకటి దొరికింది. కందిగింజంత. మీగడ రంగు వీపు మీద ముదురు గోధుమ గీతలు, ఎవరో తీరిగ్గా మెహందీ పెట్టినట్టు. "అక్షింతల పురుగు" అని అక్కడికక్కడే తేల్చేసి అగ్గిపెట్టెలో వేసుకున్నాను.

ఇరానీ హోటల్లో పెట్టె తెరిచేసరికి పక్క కుర్చీ పెద్దాయన చాయ్ కప్పు మీద సాసర్ బోర్లించి, "ఖట్మల్ హై మియా!" అన్నాడు. గల్లా దగ్గరాయన లేచొచ్చాడు. "గిది మా హోటల్ది కాదు సార్, మీరే తెచ్చిండ్రు. జర అందరికీ వినబడేటట్టు చెప్పుండ్రి." చెప్పాను.

లాడ్ బజార్ గాజుల సాబ్ మాత్రం కళ్లజోడు సవరించుకుని, "డిజైన్ బాగుంది, ఎక్కడ చేయిస్తరు?" అన్నాడు. ఆయన గాజులకు లక్క ఇచ్చేదీ పురుగే మరి, చుట్టరికం ఎక్కడికి పోతుంది!

చివరికి మా వీధిలోని రిటైర్డ్ వ్యవసాయం మాస్టారు పెట్టెలోకి చూడనైనా చూడలేదు. "ఏ మొక్క మీద దొరికిందయ్యా?" అన్నారు. ఆకులు తినే పెంకుపురుగులకు పథ్యం ఎక్కువ, చాలావాటికి ఒకటి రెండు రకాల మొక్కలు తప్ప పడవు. విస్తరి చూస్తే మనిషి ఎవరో తెలుస్తుందన్నమాట. మర్నాడు వెళ్లి ఆకు తుంచుకొచ్చాను. క్యారెట్ ఆకులా ఉంది.

"వయ్యారిభామ! అయితే ఇది జైగోగ్రామా బైకలరేటా" అన్నారు మాస్టారు.

ఆ భామను అదుపు చేయడానికి 1983లో మెక్సికో నుంచి బెంగళూరు తెచ్చి, మరుసటేడు వదిలిన అల్లుడట. వానాకాలం పొద్దస్తమానం తినడం, ఎండలు ముదిరితే మట్టిలో దూరి పడుకోవడం! ఇల్లరికం లక్షణాలన్నీ ఉన్నాయి. మధ్యలో పొద్దుతిరుగుడు ఆకుల మీదా కనిపించాడని పెద్ద రభసైంది, విచారణకు కమిటీ కూడా వేశారు. నలభై ఏళ్లుగా మేస్తున్నా భామ వయ్యారం తగ్గలేదు, అది వేరే సంగతి.

మీ సందులో కనిపిస్తే మందు కొట్టకండి, తిననివ్వండి. ఆకు మాత్రం ఒట్టి చేత్తో తుంచకండి. నా ముంజేతి దురద ఇంకా తగ్గలేదు.