స్ప్లిట్‌వైజ్‌కెక్కని ఖర్చు

నవంబరు నాలుగో గురువారం దగ్గరపడుతోందంటే డాలస్ చుట్టుపక్కల తెలుగు కుర్రాళ్ళుండే అపార్ట్‌మెంట్లలో చింతపండు నానుతుంది. థ్యాంక్స్‌గివింగ్‌కు అమెరికావాళ్ళు టర్కీ కోడిని ఓవెన్లో పెడితే, మన ఎమ్మెస్ బ్యాచ్ పులిహోర కలుపుతుంది. రెండు రోజులైనా పాడవదు, కూర అక్కర్లేదు, ఏడుగురికి ఒక్క గిన్నె చాలు. 'బడ్జెట్ ట్రిప్' అనే మహాయజ్ఞానికి అదే తొలి ఆహుతి.

సంకల్పం ఏటా ఒకటే. నాలుగు రోజులు, గ్రాండ్ క్యానియన్, లాస్ వేగాస్. "తలకు నూటయాభైలో అయిపోద్ది మామా" అని వాట్సాప్ గ్రూపులో ఒకడు ప్రకటిస్తాడు. ఆ నూటయాభై ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. పెట్రోలు లెక్క వరకు మాత్రం వాడు నిజాయితీపరుడే: రెండున్నర వేల మైళ్ళు, గ్యాలనుకు పాతిక మైళ్ళు, గ్యాలను మూడు డాలర్లనుకుంటే మూడు వందలు. ఏడుగురికి పంచితే తలా 43. ఇంత చవగ్గా భూగోళంలో ఏదైనా దొరుకుతుందా?

ఆ రెండున్నర వేల మైళ్ళ సంగతి ఒకసారి చూడాలి. డాలస్ నుంచి అమరిల్లో, అక్కడ 40వ నంబరు ఇంటర్‌స్టేట్ ఎక్కి ఆల్బకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా గ్రాండ్ క్యానియన్ దక్షిణపు అంచుకు వెయ్యి మైళ్ళు పైనే. అక్కణ్నుంచి వేగాస్ 280 మైళ్ళు. తిరుగు ప్రయాణం పన్నెండు వందలకు తగ్గదు. మొత్తం 4,000 కిలోమీటర్లు దాటుతుంది. శ్రీనగర్‌లో మొదలై ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారి చేరే మన 44వ నంబరు జాతీయ రహదారి పొడవూ దాదాపు అంతే. "నాన్నా, నాలుగు రోజుల్లో కాశ్మీరు నుంచి కన్యాకుమారికి కారులో పోతాం, రాత్రిళ్ళు కూడా మేమే నడుపుతాం" అని కొడుకు అంటే ఏ తండ్రయినా తాళంచెవి దాచేస్తాడు. అదే తండ్రి "మావాడు గ్రాండ్ క్యానియన్ చూశాడండీ" అని పక్కింటాయనకు ఫోన్లో ఫొటో చూపించి మురిసిపోతాడు.

అసలు చమత్కారం కారు దగ్గర మొదలవుతుంది. పాతికేళ్ళు నిండనివాడికి బండి ఇవ్వాలంటే అమెరికాలో అద్దె కంపెనీలు చాలావరకు రోజువారీ అదనపు రుసుము వేస్తాయి. రెండో డ్రైవరు పేరు చేర్చాలన్నా చాలాచోట్ల రోజుకింతని కట్టాలి. అందుకని ఇండియాలో మూడేళ్ళు ఉద్యోగం వెలగబెట్టి వెళ్ళిన ఒక్కడు బ్యాచ్ మొత్తానికి హఠాత్తుగా 'అన్న' అయిపోతాడు. కాంట్రాక్టు మీద సంతకం అన్నది, క్రెడిట్ కార్డు అన్నది, స్టీరింగు మాత్రం సర్వజనులది. కాంట్రాక్టులో పేరు లేనివాడు గుద్దితే కంపెనీ అమ్మిన రక్షణ వర్తించదని ఆ కాగితంలోనే రాసి ఉంటుంది. అసైన్‌మెంటు ప్రశ్ననే చివరి గంటలో చదివేవాళ్ళు దాన్ని చదువుతారనుకోవడం అత్యాశ. మిగిలేదెంత? రెండో డ్రైవరు రుసుము లెక్కన రోజుకు పదో పదిహేనో డాలర్లు, తలా రెండు. ఆ రెండు డాలర్ల కోసం అన్న తన కార్డునూ, భవిష్యత్తునూ పణంగా పెడతాడు. ధర్మరాజు కూడా ఇంత చవగ్గా జూదమాడలేదు.

బుధవారం లైబ్రరీలోనో డైనింగ్ హాలులోనో డ్యూటీ దిగి, రాత్రి పదింటికి బండెక్కుతారు. మోటెల్ ఖర్చు మిగలాలంటే రాత్రంతా నడపాలి. తెల్లవారుజామున నాలుగింటికి అమరిల్లో వస్తుంది. దానికి ముప్పై మైళ్ళ లోపే పాలో డ్యూరో అనే లోయ ఉంది. గ్రాండ్ క్యానియన్ తర్వాత దేశంలో రెండో పెద్ద క్యానియన్ తమదేనని టెక్సస్‌వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. క్యానియన్ చూడ్డానికి బయల్దేరిన ఏడుగురిలో ఆరుగురు, ఇంటికి ఆరు గంటల దూరంలో ఉన్న ఆ క్యానియన్ పక్కనుంచే నోరు తెరుచుకుని నిద్రపోతూ వెళ్ళిపోతారు. ఏడోవాడు స్టీరింగు ముందున్నాడు కాబట్టి కళ్ళు తెరుచుకుని నిద్రపోతుంటాడు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి గమ్యం. పార్కు టికెట్టు కారుకు 35 డాలర్లు, తలా అయిదు. ట్రిప్పు మొత్తంలో చిల్లర మిగలకుండా తెగే లెక్క ఇదొక్కటే. (2026 నుంచి విదేశీ పర్యాటకులకు అదనపు రుసుము వచ్చింది, ఆ గొడవ వేరు.) ఆ టికెట్టు ఏడు రోజులు చెల్లుతుంది. బ్యాచ్ వాడుకునేది నలభై నిమిషాలు. అందులో పదిహేను పార్కింగుకు, పది టాయిలెట్ క్యూకు పోతాయి. ఏడు వేల అడుగుల ఎత్తున నవంబరు గాలి కోస్తుంటే, డాలస్ వాతావరణానికి కొన్న పల్చటి హుడీల్లో వణకడానికి ఇంకో అయిదు.

మేథర్ పాయింట్ రెయిలింగు పట్టుకుని నిలబడితే ఎదురుగా ఉన్నది 277 మైళ్ళ పొడవు, కొన్నిచోట్ల 18 మైళ్ళ వెడల్పు, మైలు లోతు ఉన్న గండి. అడుగున కొలరాడో నది. ఆ అడుగురాళ్ళకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు విష్ణు శిస్ట్. వయసు సుమారు 170 కోట్ల ఏళ్ళు. దూరంగా గోపురంలా లేచి కనిపించేది విష్ణు టెంపుల్. ఆ గండిలోనే శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్ అనే శిఖరాలూ ఉన్నాయి. క్లారెన్స్ డట్టన్ అనే శాస్త్రజ్ఞుడికి 19వ శతాబ్దంలో ఆ కొండల్ని చూస్తే తూర్పుదేశాల గుళ్ళు గుర్తొచ్చాయి. ఈ పేర్ల వరస ఆయన మొదలుపెట్టిందే. అంత దూరం వెళ్ళిన తిరుపతి కుర్రాడు విష్ణువు పేరున్న శిఖరానికి వీపు తిప్పి, సెల్ఫీ దిగి, "బ్యాక్‌గ్రౌండ్ అదిరింది రా" అని కారెక్కుతాడు. రాత్రికి వేగాస్ చేరాలి కదా!

పాతకాలపు తెలుగు యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పల్లకీలు, పరివారం, పదిహేను నెలల తిరుగుడు. దారిలో మజిలీ మజిలీకీ ఏం దొరుకుతుందో, దారి ఎలా ఉందో, జనం ఎలా బతుకుతున్నారో రాసుకుంటూ పోయాడు. ఆ రాత 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. మన బ్యాచ్ కూడా మజిలీ మజిలీకీ తప్పకుండా రాస్తుంది. ఖర్చుల వాటాలు లెక్కగట్టే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో.

4.29 డాలర్ల నీళ్ళ సీసాల కట్ట, తలా 61 సెంట్లు. "నేను ఒక్క సీసానే తాగా." చికెన్ బిర్యానీ: శనివారం ముక్క ముట్టనివాడి పేరు తీసెయ్యాలి, కానీ వాడు రైతా తిన్నాడు, కాబట్టి రైతాలో వాటా ఉండాలి. కునుకు తీసినవాడూ పెట్రోలు పంచుకోవాలా, ముందు సీటువాడికి రేటు ఎక్కువ ఉండాలా అన్నంత వరకు వెళుతుంది చర్చ. బయల్దేరేటప్పుడు ఒకరినొకరు మామా అని పిలుచుకున్నవాళ్ళు, సెటిలయ్యేసరికి 'బ్రో' దగ్గర ఆగుతారు.

వేగాస్ గురించి చెప్పేది తక్కువ. చవకగా కనబడిన గదికి చివర్లో రిసార్ట్ ఫీజు తగిలేది. మొత్తం ధర ముందే చూపించాలని 2025 మే నుంచి ఫెడరల్ నిబంధన వచ్చింది గానీ, అంతకుముందు బ్యాచ్‌లన్నీ ఆ గోతిలో పడ్డవే. ఇద్దరు చెకిన్ అవుతారు, అయిదుగురు వెనక మెట్లెక్కుతారు. తెచ్చుకున్న రైస్ కుక్కర్లో తాలింపు వేస్తే ఫైర్ అలారం మోగుతుంది. అప్పుడు ఏడుగురు కారిడార్లోకి వస్తారు. రిసెప్షన్లో లెక్క ఇద్దరే.

ఇదంతా నవ్వుకోవచ్చు. నవ్వలేని లెక్క ఒకటుంది. ఇరవై నాలుగు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి స్థితి, రక్తంలో 0.10 శాతం ఆల్కహాలు ఉన్న స్థితితో సమానమని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ తాగి నడపడానికి చట్టం గీసిన గీత 0.08. ఒక్క బీరు తాగినా స్టీరింగు ముట్టనని ఒట్టేసే బుద్ధిమంతుడు, బుధవారం పొద్దున ఏడింటికి లేచి, క్లాసులు, డ్యూటీ ముగించి, గురువారం తెల్లారాక కూడా 75 మైళ్ళ వేగంతో నడుపుతుంటాడు. పైగా "నాకు నిద్ర రాదు మామా" అని అదొక బిరుదులా చెప్పుకుంటాడు. నిద్రమత్తు డ్రైవర్ల వల్ల 2017లో పోలీసులు నమోదు చేసిన ప్రమాదాలు 91,000, చావులు 800 దాకా అని అక్కడి రహదారి భద్రతా సంస్థ అంచనా. వాళ్ళలో చాలామందికి నిద్ర రాదనే అనిపించి ఉంటుంది.

పోయిన టైము పూడ్చుకోవడానికి యాక్సిలరేటరు తొక్కడం ఇంకో పొదుపు. తూర్పుతీరం బ్యాచ్‌లు వర్జీనియా దాటుతూ గంటకు 85 మైళ్ళు మించితే అది జరిమానాతో పోయే తప్పు కాదు, నిర్లక్ష్యపు డ్రైవింగ్ అనే క్రిమినల్ నేరం. 2025 వసంతంలో వేలమంది విదేశీ విద్యార్థుల హోదాను నమోదు చేసే సెవిస్ రికార్డులు ఒక్కసారిగా రద్దయినప్పుడు, ట్రాఫిక్ టికెట్లు తప్ప మరే మచ్చా లేనివాళ్ళూ అందులో ఉన్నారు. కోర్టుల్లో కేసులు పడ్డాక రికార్డులు తిరిగొచ్చాయి. లాయరు ఫీజు ఏడుగురికి పంచుకోవడం కుదరలేదు.

డబ్బు లేకపోవడం ఎగతాళికి తగిన విషయం కాదు. ఎఫ్-1 వీసా మీద చదివేవాడు సెమిస్టరు నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఇంటి దగ్గర బ్యాంకు వడ్డీ మాత్రం వారానికి 168 గంటలూ పనిచేస్తుంది. వాడు పులిహోర కట్టుకెళితే అది తెలివి, ఏడుగురు కలిసి బండి తీసుకుంటే అది లౌక్యం. నిద్రనూ, బీమానూ, చూడ్డానికి వెళ్ళిన చోటునూ ఖర్చుపెట్టేసి, "నూటయాభైలో తెచ్చా" అని చొక్కా కాలరెత్తడం దగ్గరే పేచీ.

ఈ నవంబరులో బయల్దేరేవాళ్ళకు ఒక విన్నపం. నడిపే ప్రతివాడి పేరూ కాంట్రాక్టులో రాయించండి. అమరిల్లోలో ఆగి పడుకోండి. పొద్దున్నే లేచి పాలో డ్యూరో చూస్తే గ్రాండ్ క్యానియన్ సెల్ఫీ, వేగాస్ బోర్డు ముందు ఫొటో మాత్రమే పోతాయి. లేదు, గ్రాండ్ క్యానియనే కావాలంటే వేగాస్ మానేసి రాత్రికి ఆ చుట్టుపక్కలే ఉండిపోండి. మర్నాడు మళ్ళీ లోపలికి పోవడానికి కొత్తగా కట్టాల్సిందేమీ లేదు, ఆ టికెట్టు ఏడు రోజులు చెల్లుతుంది.