అడవిలో దొరికిన కళాఖండం

చెడ్డ సినిమా అనే జాతి అంతరించిపోతోంది. తీసేవాళ్ళు తగ్గి కాదు, చెడ్డదని ఒప్పుకునేవాళ్ళు కరువై. నలభై ఏళ్ళ కిందట ఎవరికీ పట్టకుండా డబ్బాలో పడిపోయిన చిత్రాన్ని ఇవాళ ఎవరైనా దుమ్ము దులిపి బయటికి తీస్తే, దానికి ఇవ్వదగ్గ బిరుదులు రెండే: 'కల్ట్', లేదా 'అండర్‌రేటెడ్'. "బాగాలేదండీ" అన్నారో, మీకు సినిమా చూడటం రాదన్నమాట.

ఈ గాలి మన వైపూ వీచింది. 2010లో జనం తిప్పికొట్టిన 'ఆరెంజ్' 2023లో మళ్ళీ విడుదలైతే హాళ్ళు నిండిపోయాయి. దానితో నాకు పేచీ లేదు. హారిస్ జయరాజ్ పాటలు అప్పుడూ బాగున్నాయి, ఇప్పుడూ బాగున్నాయి. కుర్రాళ్ళు గొంతు కలిపి పాడుకున్నారు, సంతోషం. నా పేచీ అంతా పాటా, మాటా, నటనా ఏదీ లేకుండా ఒక అడవీ ఒక గొడ్డలీ మాత్రమే ఉన్న సినిమాలకు కిరీటాలు పెట్టేవాళ్ళతో.

ఉదాహరణకి 'డోంట్ గో ఇన్ ది వుడ్స్'. 1981 నాటి అమెరికన్ స్లాషర్, అంటే ఒక హంతకుడు ఒక్కొక్కరినీ వేటాడి చంపుకుంటూ పోయే సినిమా. జేమ్స్ బ్రయాన్ అనే దర్శకుడు యూటా రాష్ట్రపు కొండల్లో చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో తీశాడు. అడవిలోకి వెళ్ళొద్దని పేరులోనే చెప్పేశాడు కాబట్టి కథ అక్కడితో అయిపోయింది. నలుగురు కుర్రకారు అడవిలోకి వెళ్తారు. అక్కడ తోళ్ళు కప్పుకుని, పూసలు వేలాడేసుకుని, ఈటె పట్టుకున్న ఒక అడవి మనిషి ఉంటాడు. వీళ్ళు నడుస్తుంటారు, వాడు చంపుతుంటాడు. నలుగురితో సినిమా గట్టెక్కదని దర్శకుడికి అనుమానం వచ్చినట్టుంది, ఊరూ పేరూ లేని యాత్రికుల్ని ఒకరి తర్వాత ఒకరిని లోపలికి తోలాడు. పిట్టల్ని చూడ్డానికి ఒకాయన, బొమ్మ గీసుకోడానికి ఒకావిడ, వ్యానులో కులకడానికి ఒక జంట. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతారు. వీళ్ళెవరని అడిగే తీరిక మనకీ ఉండదు, హంతకుడికీ ఉండదు. అసలు వాడెందుకు చంపుతున్నాడో కూడా ఎవరూ చెప్పరు.

మాటలన్నీ తర్వాత డబ్బింగ్ చెప్పించుకున్నారు. పెదవి కదలికకు అక్షరాన్ని సరిపెట్టడానికి మన డబ్బింగ్ రచయితలు పడే యాతన తెలిసిన తెలుగువాడు ఈ సినిమా చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ప్రాణభయంతో పరిగెత్తే మనిషి గొంతు తీరిగ్గా కూర్చుని కాఫీ తాగుతున్న మనిషి గొంతులా వినిపిస్తుంది. నెత్తురేమో కొత్తగా వేసిన గేటు రంగులో ఉంటుంది.

ఈ సినిమా భక్తులు కళ్ళకద్దుకునే ఘట్టం ఒకటుంది. చక్రాల కుర్చీలో ఒకాయన. ఎక్కడివాడో తెలియదు, ఎందుకొచ్చాడో తెలియదు, వెంట తోసేవాళ్ళు లేరు. రాళ్ళూ రప్పలూ నిండిన కొండదారిలో చేతులతో చక్రాలు తిప్పుకుంటూ పైకి ఎక్కుతుంటాడు. చక్రం ఒక అడుగు ముందుకి కదులుతుంది, మనిషి ఆయాసపడతాడు, మళ్ళీ తిప్పుతాడు. కథ ఇంకోవైపు వెళ్ళి ఇంకెవరినో చంపించుకుని తిరిగొచ్చేసరికి ఈయన ఇంకా ఎక్కుతూనే ఉంటాడు. చూసేవాడికి జాలి, తర్వాత విసుగు, తర్వాత 'ఎక్కెయ్యి నాయనా' అన్న ప్రార్థన పుడతాయి. ఎట్టకేలకు పైకి చేరతాడు. చేరగానే తల ఎగిరిపోతుంది. అంతే. ఆ మనిషి ప్రస్తావన మళ్ళీ రాదు.

సాధారణ ప్రేక్షకుడు ఇది చూసి నవ్వుతాడు, లేదా లేచిపోతాడు. రెండూ ఆరోగ్యకరమైన పనులే. భక్తుడు అలా కాదు. అందులో ఆయనకు మానవుడి నిరర్థక ప్రయాస కనిపిస్తుంది. కొంచెం ఎక్కువ చదువుకున్నవాడైతే వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెడతాడు. ఇంకొంచెం చదివితే 1992లో వచ్చిన కారల్ క్లోవర్ పుస్తకం 'మెన్, విమెన్ అండ్ చైన్ సాస్' తీస్తాడు. స్లాషర్ సినిమాల్లో చివరిదాకా బతికి హంతకుణ్ణి ఎదుర్కొనే అమ్మాయి గురించి ఆవిడ రాసింది గట్టి ఆలోచన, అనుమానం లేదు. దాన్ని పట్టుకుని, దర్శకుడికి ఊహకైనా రాని అంతరార్థాల్ని అడవిలో ప్రతి చెట్టుకీ వేలాడదీస్తే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? గొంతు కలవకపోతే అది పాత్రల పరాయితనమట. వెలుతురు చాలకపోతే అది పచ్చి వాస్తవికతట. ఒక కోతకూ ఇంకో కోతకూ పొంతన లేకపోతే కథన సంప్రదాయం మీద తిరుగుబాటట. ఎడిటర్‌కి పని రాదేమో అన్న మామూలు మాట మాత్రం ఎవరి నోటా రాదు.

"అంత డబ్బుతో అంతకన్నా ఏం తీస్తారు గురూ?" అంటాడు ఇలాంటి సినిమాల డిస్కులు బీరువా నిండా పేర్చుకున్న నా మిత్రుడొకడు. పిండి కొద్దీ రొట్టె అన్నది నాకూ తెలుసు. కానీ ఆడలేక మద్దెల ఓడన్న సామెత కూడా మన దగ్గరే ఉంది. 1978లో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' తీయడానికి పెట్టింది సుమారు 3 లక్షల డాలర్లు, హాలీవుడ్ లెక్కలో చిల్లర. కథలో శరదృతువు, చిత్రీకరణ కాలిఫోర్నియా వసంతంలో. రాలిన ఆకులు ఎక్కడివి? రంగేసిన ఆకుల్ని వీధిలో చల్లి, షాట్ అయ్యాక మళ్ళీ ఏరుకుని, తర్వాతి షాట్‌కి అవే చల్లారు. హంతకుడి ముఖానికి దుకాణంలో రెండు డాలర్ల లోపు దొరికిన, టీవీ సీరియల్ హీరో కెప్టెన్ కర్క్ మాస్క్ కొనుక్కొచ్చి, కళ్ళ రంధ్రాలు పెద్దవి చేసి, తెల్లరంగు పూశారు. సంగీతం దర్శకుడే కట్టుకున్నాడు. ఆ పియానో మెట్లు వింటే ఇప్పటికీ వెనక్కి తిరిగి చూడబుద్ధేస్తుంది. దానికీ పదేళ్ళ ముందు, 1968లో, జార్జ్ రొమెరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'ని సుమారు 1 లక్షా 14 వేల డాలర్లతో తీశాడు. నలుపు తెలుపు సినిమా కదా అని నెత్తురు బదులు చాక్లెట్ సిరప్ వాడారు. లేమి ఉన్నచోట వీళ్ళకి బుర్ర పనిచేసింది. అడవి సినిమాలో లేమి తప్ప పనిచేసింది ఏదీ కనబడదు. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను, చిట్టచివర తల్లి పోయిన పసిబిడ్డ చేతిలో గొడ్డలి కనిపించే దృశ్యం ఒక్క క్షణం వెన్ను జలదరింపజేస్తుంది. గంటా ఇరవై నిమిషాలకి ఒక్క క్షణం.

మరి ఇలాంటి సినిమా ఇంకా నలుగురి నోళ్ళలో ఎలా నానుతోంది? ఆ ఘనత భక్తులది కాదు, బ్రిటిష్ ప్రభుత్వానిది.

1980ల మొదట్లో ఇంటింటికీ వీడియో వచ్చింది. సెన్సార్ చూడని క్యాసెట్లు వీధి చివర దుకాణాల్లో అద్దెకు దొరికేవి. 'వీడియో నాస్టీ' అన్న పేరుతో పత్రికలు గగ్గోలు పెట్టాయి, మేరీ వైట్‌హౌస్ నాయకత్వంలో నీతి పరిరక్షకులు కదిలారు. 1959 నాటి అశ్లీల ప్రచురణల చట్టం కింద, చూసినవాళ్ళని చెడగొట్టి భ్రష్టుపట్టిస్తాయనుకున్న సినిమాల జాబితా ఒకటి ప్రాసిక్యూషన్ల డైరెక్టర్ తయారుచేశాడు. ఎప్పుడో ఒకప్పుడు అందులోకి ఎక్కిన పేర్లు 72. అందులో 39 మీద కేసులు నెగ్గాయి. మన చక్రాల కుర్చీ సినిమా ఆ 39లో ఉంది! 'కానిబల్ హోలోకాస్ట్' లాంటి భయంకర చిత్రం సరసన దీనికి ఆసనం వేశారు. వీడియోలకి కళ్ళెం వేసే బిల్లు తెచ్చిన పార్లమెంటు సభ్యుడు గ్రాహం బ్రైట్ అయితే, ఈ సినిమాలు పిల్లల మీదే కాదు, కుక్కల మీద కూడా ప్రభావం చూపుతాయని తాను నమ్ముతున్నట్టు టీవీలో సెలవిచ్చాడు. గేటు రంగు నెత్తురు చూసి ఏ కుక్క చెడిపోయిందో నాకు తెలియదు. కుక్కలకి ఇంతకన్నా మంచి అభిరుచి ఉంటుందనే నా నమ్మకం. (ఇంత హడావిడిగా 1984లో చేసిన ఆ వీడియో రికార్డింగ్స్ చట్టాన్ని యూరోపియన్ కమిషన్‌కి తెలియజేయడం మరిచిపోయారని 2009లో బయటపడింది. కాబట్టి అది అమలుకు పనికిరాదని తేలి, 2010లో మళ్ళీ చట్టం చేసుకోవాల్సొచ్చింది. డబ్బింగ్ కుదరనిది ఆ సినిమాకి ఒక్కదానికే కాదన్నమాట.)

పోలీసులు క్యాసెట్ పట్టుకెళ్ళిన సినిమాకి అంతకు మించిన ప్రచారం ఏం కావాలి? ఆ జాబితా కుర్రాళ్ళకి పారాయణ గ్రంథమైంది. 72నీ చూసి తీరాలని దీక్షపట్టినవాళ్ళు తయారయ్యారు. ఊరికే వదిలేస్తే తనంతట తనే చచ్చిపోయేదాన్ని అధికారులు అమరం చేశారు. తీరా 2007లో అదే బ్రిటన్ అదే సినిమాని ఒక్క ముక్క కూడా కోయకుండా, 15 ఏళ్ళు దాటినవాళ్ళు చూడొచ్చని సర్టిఫికెట్ ఇచ్చింది. పాతికేళ్ళలో సినిమా ఏమీ మారలేదు. కుర్చీ అదే కొండ ఎక్కుతోంది, తల అదే చోట ఎగురుతోంది.

నాకు ఆ ప్రాసిక్యూటరూ ఈ భక్తుడూ కవల పిల్లల్లా కనిపిస్తారు. దేశాన్ని భ్రష్టుపట్టించేంత శక్తి దీనికి ఉందని ఆయన నమ్మాడు, నాగరికతని విమర్శించేంత శక్తి ఉందని ఈయన నమ్ముతున్నాడు. లేని బలాన్ని అంటగట్టడంలో ఇద్దరిదీ ఒకే వరస. ఆయన దగ్గర కనీసం లాఠీ ఉంది, జనం భయపడ్డారు. ఈయన దగ్గర 'మీకు అర్థం కాలేదు' అన్న ఒక్క మాట ఉంది, దానికీ జనం భయపడుతున్నారు. మొదటిసారి చూసి నవ్వి, ఆనక పెద్దమనిషి ఎవరో మెచ్చుకున్నాడని విని, నవ్వినందుకు సిగ్గుపడి రెండోసారి ముఖం గంభీరంగా పెట్టుకుని చూసేవాళ్ళున్నారు. పాపం, వాళ్ళ మొదటి నవ్వే అసలైన సమీక్ష.

పాత సినిమాల ప్రింట్లు వెతికి, శుభ్రం చేసి, బ్లూరేలుగా తెచ్చేవాళ్ళని నేను తప్పుపట్టను. ఫిల్ము కుళ్ళిపోయే పదార్థం. మన పాత తెలుగు చిత్రాల్లో ఎన్నింటికి ఇవాళ ఒక్క ప్రింటు కూడా మిగల్లేదో తలుచుకుంటే, యూటా అడవి సినిమాకి పట్టిన భాగ్యం చూసి అసూయే కలుగుతుంది. దాచండి, మెరుగుపెట్టండి. కాకపోతే మెరుగుపెట్టగానే ఇత్తడి బంగారం కాదు. గీతలు చెరిపేశాక మిగిలింది ఏమిటయ్యా అంటే, గేటు రంగు ఇంకా స్పష్టంగా కనిపించడం.

చెత్త సినిమా చూసి ఆనందించే హక్కు ఎవరికైనా ఉంది. అర్ధరాత్రి నలుగురు స్నేహితులు కూడి, మిరపకాయ బజ్జీలు ముందేసుకుని, కుర్చీ ఎక్కుతున్నంతసేపూ కేకలేస్తూ చూస్తే ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. దానికి సిద్ధాంతం అక్కర్లేదు. చెత్తని చెత్తగానే ప్రేమించేవాడి ముందు నేను తలొంచుతాను. చెత్తని ప్రేమించినందుకు సిగ్గుపడి దానికి పట్టుబట్టలు కట్టేవాణ్ణి మాత్రం భరించలేను.

15 ఏళ్ళ లోపువాళ్ళు ఈ సినిమా చూడకూడదని బ్రిటన్ తీర్పు. ఆ పైబడినవాళ్ళు కూడా చూడనక్కర్లేదని నా తీర్పు.