అక్షరాల లెక్క

కాట్పాడిలో ఇంజనీరింగ్ చదివే ఆంధ్రా కుర్రాడొకడు సెలవు రోజున రైలెక్కి గుడియాత్తంలో స్నేహితుడింటికి వెళ్లాడు. లుంగీలు నేసిన కుటుంబం. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా చిత్తూరూ ఈ ఊరూ ఒకటే ఉత్తర ఆర్కాటు జిల్లా. ఊరు తమిళనాడుదైనా ఆ ఇంట్లో మాటలన్నీ ఇప్పటికీ తెలుగే.

పంచలో కూర్చుని కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచాడు. రాసినదాంట్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే ప్రోగ్రామ్, పైథాన్‌లో రాశాడు. ఇంగ్లీషులో బాగా పనిచేస్తోంది. తెలుగులోనూ చూద్దామని ఇంగ్లీషు మీటలతో తను చదివే ఊరి పేరు కొడితే తెరమీద ‘కాట్పాడి’ అని పడింది. మొత్తం అక్షరాలు 8 అంది.

“ఎనిమిదెక్కడివబ్బా? కా, ట్పా, డి. మూడే గదా!” అన్నాడు పక్కనే కూర్చున్న స్నేహితుడి తాత.

కుర్రాడు ఆ ఎనిమిదింటినీ విడగొట్టి వరసకొకటి చూపించాడు. తాత ఒక్కోదాని మీదా వేలు పెట్టాడు. “క, దీర్ఘం, ట, పొల్లు, ప, దీర్ఘం, డ, గుడి.”

కిటుకు అర్థమైంది. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులకూ పొల్లుకూ వేరే నంబర్లు. కంటికి ఒక్క అక్షరమైన ‘ట్పా’ కంప్యూటర్‌కు నాలుగు ముక్కలు. ‘ప’ ఎన్నిసార్లుందంటే ఒకసారి అంటుంది, విడి ‘ప’ ఆ పేరులో లేకపోయినా. కుర్రాడు అక్కడికక్కడే సరిచేశాడు. గుర్తులను ముందున్న హల్లుతో, పొల్లు తర్వాతి హల్లును పొల్లుతో కలిపి లెక్కపెట్టమన్నాడు. 3 వచ్చింది.

తాత మురిసిపోయాడు. లోపలికెళ్లి పాత ఉత్తరమొకటి తెచ్చాడు.

“మా నాయన రాసింది. సన్న అక్షరాలు, నాకు ఆనడంలేదు. మావోడికి తెలుగు చదవను రాదు. 2006లో ఇక్కడ తమిళం తప్పనిసరని చట్టం తెచ్చిరి. ఒకటో తరగతి నుంచీ వాడికి తమిళమే. నువ్వు ఆంధ్రావోడివి, నీకేం! చదవబ్బా.”

కుర్రాడు కాగితం వైపు చాలాసేపు చూశాడు.

“నాకూ రాదు తాతా.”

“మావోడికి చట్టం అడ్డమొచ్చె. నీకేమడ్డమొచ్చె?”

“స్కూల్లో హిందీ, ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నా తాతా. మార్కులు ఎక్కువ పడతాయని.”