ఆగి చూడమన్నారు సరే, కూలి ఎవరిస్తారు?

ఈమధ్య మన ఆఫీసుల్లో కొత్త మంత్రోపదేశం మొదలైంది. పని మధ్యలో పది నిమిషాలు ఆగాలట. కిటికీలోంచి చెట్టునో పిట్టనో మబ్బునో చూడాలట. చూస్తే జీవితం మీద కొత్త దృష్టి కలుగుతుందట. ఈ ముక్క చెప్పడానికి వ్యక్తిత్వ వికాస పండితుడొకడు వచ్చి గంటన్నర మాట్లాడతాడు. ఆ గంటన్నరలో ఆగిపోయిన పనిని సిబ్బంది రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చుని పూర్తిచేస్తారు. పండితుడి మీద కొత్త దృష్టి కలిగేది అప్పుడే.

ఆయన్ని ఒక్కసారి పాలకాయతిప్ప రమ్మనాలని నా కోరిక. అవనిగడ్డ నుంచి కోడూరు, అక్కణ్ణుంచి హంసలదీవి, అదీ దాటితే సముద్రం. కృష్ణమ్మ పాయ కడలిలో కలిసేది ఆ దాపుల్లోనే. చూడదలచినవాడికి చూసినంత ప్రపంచం. సెలవురోజున కార్లు దిగినవాళ్లు చాలామంది అలలకి వీపు పెట్టి, ఫోనుకి ముఖం పెట్టి ఆ ప్రపంచాన్ని గమనిస్తుంటారు. మరికొందరు సాయంత్రం సముద్రం వైపే కళ్లప్పగించి సూర్యాస్తమయం కోసం కాచుకుంటారు. తూర్పు తీరంలో పొద్దు గూకేది వీపు వెనక అని చెప్పి వాళ్ల ప్రశాంతత చెడగొట్టడం మర్యాద కాదు.

ఆ ఒడ్డునే వేటకెళ్లే మత్స్యకారుడు రోజంతా సముద్రాన్నే చూస్తాడు. గాలి ఎటు తిరిగింది, పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, నీటి రంగు మారిందా, పిట్టలు ఎక్కడ ముసురుతున్నాయి? దీన్ని ధ్యానం అంటారని ఆయనకెవరూ చెప్పలేదు. చూపు కాస్త తప్పితే వల ఖాళీ, ఇంకాస్త తప్పితే ఇల్లు ఖాళీ. మడ అడవిలో బురద బొరియ ముందు కూర్చుని మండపీత కోసం వెతికేవాడు పండితుడు చెప్పినట్టే పూర్తిగా ‘ఈ క్షణంలో’ ఉంటాడు. వేళ్లు దక్కించుకోవాలంటే ఉండక తప్పదు. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసకలో గుడ్లు పెట్టిపోతాయి. తెల్లారేలోగా ఆ జాడలు పట్టుకుని గుడ్లని హేచరీకి చేర్చేవాళ్లకి ఇసక మీద గీతలు చదవడమే డ్యూటీ. కుక్కలూ నక్కలూ ముందు చదివేస్తే గుడ్లుండవు. ఇక్కడ చూడటమే పని. పని ఆపి చూడటం అనే విద్య ఇంకా ఈ ఊరికి చేరలేదు.

పోనీ, ఆగడం తెలియదా అంటే, అదీ తెలుసు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మర పడవల వేట ఆపేస్తారు. మొత్తం 61 రోజులు. పది నిమిషాలకే జ్ఞానం కలిగేట్టయితే 61 రోజులకి తీరం పొడుగునా ఇంటికొక బుద్ధుడు వెలియాలి. వెలిసేది అప్పు. అందుకే ప్రభుత్వం భృతి ఇస్తోంది. పదివేలుండేదాన్ని 2025లో 20,000 రూపాయలు చేసింది. రోజుకి 328 రూపాయలన్నమాట. ఇల్లు గడవడానికది చాలుతుందా అన్నది వేరే తగువు. ఆగమన్నవాడే కూలి కట్టాలన్న మర్యాద మాత్రం అందులో ఉంది. పండితుడి ఉపన్యాసంలో లేనిది ఆ మర్యాదే.

ఆ మర్యాద తెలిసిన పాత కాగితం ఇంకొకటుంది: 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. అందులో 55వ సెక్షన్, ఎవరిచేతా ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు, కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి అని చెప్పేది. మబ్బుల ఊసు లేదు, పిట్టల ఊసు లేదు. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఆ ఐదు గంటల్ని ఆరు చేయాలనీ, రోజువారీ పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచాలనీ నిర్ణయించింది. అదే ఏడు జనవరిలో, ఎల్ అండ్ టీ అధినేత వారానికి 90 గంటల పని గురించి చెబుతూ, ఇంట్లో కూర్చుని భార్యని ఎంతసేపు చూస్తారని అడిగిన మాట దేశమంతా విన్నది. భార్యని చూస్తే కాలహరణం, పిట్టని చూస్తే వికాసం! చట్టంలో విరామం వెనక్కి జరుగుతున్నకొద్దీ సెమినార్లలో విరామం ముందుకొస్తోంది.

ఊరికే చూసినంత మాత్రాన ఒరిగేదేమిటో ఈ తీరమున్న దివిసీమకి తెలుసు. 1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన ఊళ్లకి ఊళ్లనే తుడిచిపెట్టేసింది. అధికారిక లెక్కలోనే పదివేలమంది దాకా పోయారు. తీరంలో సముద్రాన్ని చూసే కళ్లకి ఆనాడూ కొదవలేదు. కరువైంది హెచ్చరికని గుడిసెగుడిసెకీ చేర్చి జనాన్ని కదిలించే ఏర్పాటు. దానికి జీతాలివ్వాలి, బళ్లు పెట్టాలి, తలదాచుకునే మేడలు కట్టాలి. కిటికీ తెరిచి చూడండి అనడానికి ఖర్చుండదు.

కాబట్టి పాఠకులారా, రేపు మీ ఆఫీసుకీ పండితుడొస్తే ఒక్క ప్రశ్న వేయండి: ఆ పది నిమిషాలు ఏ ఖాతాలో రాస్తారు? జీతంలో కోత లేకుండా, సాయంత్రం అదనంగా కూర్చోబెట్టకుండా ఇస్తామంటే హాయిగా తీసుకోండి. చెట్టునే చూస్తారో, ఏమీ చూడకుండా కునుకే తీస్తారో మీ ఇష్టం. ఇవ్వం అంటే, చప్పట్లు మానేసి, చట్టం ఇచ్చిన విరామం ఎక్కడికి పోతోందో అడగండి.